పులుసు చట్టిలో బయోకెమిస్ట్రీ

పోషకాహార డిగ్రీలో చేరిన పిల్లల్ని అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టే పేపరు జీవరసాయన శాస్త్రం. ఆ పేపరులో ఉన్నదంతా నెల్లూరు తీరంలో కళ్లెదుటే ఉంది: రొయ్యల వేపుడులో, రేషన్ బియ్యంలో, బోరు నీళ్లలో, రాళ్లుప్పులో.

పచ్చి రొయ్య ఏ రంగులో ఉంటుందో నెల్లూరు జిల్లాలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. నీలం కలిసిన బూడిద రంగు. వేడి నూనెలో వేసి రెండు నిమిషాలు తిప్పితే ఎర్రబడుతుంది. అది కారం వల్ల వచ్చిన ఎరుపు కాదు, ఉత్త నీళ్లలో ఉడికించినా వస్తుంది. ఆ రంగు మొదటి నుంచీ రొయ్యలోనే ఉంది. దాని పేరు అస్టాజాంథిన్. క్రస్టాసయనిన్ అనే ప్రోటీన్ దాన్ని తన మడతల్లో బిగించి పట్టుకుంటుంది. ఆ పట్టులో ఉన్నంతసేపూ ఎరుపు నీలంగా కనిపిస్తుంది. వేడి తగిలితే ప్రోటీన్ మడతలు విచ్చుకుంటాయి, అసలు రంగు బయటపడుతుంది. ఇలా మడతలు చెదిరిపోవడాన్నే బయోకెమిస్ట్రీ పుస్తకం డీనాచురేషన్ అంటుంది.

డిగ్రీ మొదటి సంవత్సరంలో పోషణ శాస్త్రం చదివే అమ్మాయి ఈ మాటకు నిర్వచనం బట్టీపట్టి పరీక్షలో రాస్తుంది. ఆదివారం ఇంటికెళ్లి అమ్మ పక్కన నిలబడి రొయ్యలు వేయిస్తుంది. తను రాసిందీ తను చేస్తున్నదీ ఒకటేనని ఆమెకు చెప్పేవాళ్లు చాలా తక్కువ. మన డిగ్రీ కాలేజీల్లో ఈ సబ్జెక్టుకు పట్టిన దుస్థితి అంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. కావలి నుంచి కృష్ణపట్నం దాకా, ఇంకా కిందికి పులికాట్ దాకా, మన తీరమంతా జీవరసాయన ప్రయోగశాలే. అయినా మన పిల్లలు, కణం ఆహారం నుంచి శక్తి రాబట్టే క్రెబ్స్ చక్రాన్ని గుండ్రంగా గీసి, బాణాలు పెట్టి, పదిసార్లు వల్లెవేసి, పరీక్షయిన మర్నాడు మర్చిపోతున్నారు.

పులుపు చేసే పని, చేయలేని పని

నెల్లూరు చేపల పులుసు గురించి రుచి తెలిసినవాళ్లు చాలా రాశారు. దాని రసాయనం గురించి రాసినవాళ్లు తక్కువ. సముద్రపు చేప ఉప్పునీళ్లలో బతకాలంటే ఒంట్లో నీటిని కాపాడుకోవాలి. అందుకు దాని కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక బ్యాక్టీరియా చేరి దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. మనం నీచువాసన అనేది ఎక్కువగా దీన్నే. ఇది క్షార స్వభావం గలది, ఆవిరై ముక్కుకు తగులుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది, పచ్చిమామిడిలో సిట్రిక్, మాలిక్ ఆమ్లాలున్నాయి. ఆమ్లం కలిసేసరికి ట్రైమిథైలమైన్ లవణంగా మారి పులుసులోనే ఉండిపోతుంది, గాలిలోకి లేవదు. బొమ్మిడాయిల వంటి మంచినీటి చేపల సంగతి వేరు. వాటికుండే మట్టివాసన జియోస్మిన్ అనే మరో పదార్థానిది. అది ఆమ్లంలో విరిగిపోతుంది. రెండు రకాల చేపలకూ, రెండు రకాల వాసనలకూ మన ఇళ్లలో మందు ఒకటే, చింతపండు. ఈ పొత్తు కుదిరింది అనుభవం వల్ల. అది ఎందుకు కుదిరిందో చెప్పగలిగేది మాత్రం బయోకెమిస్ట్రీ.

పులుపు వల్ల కాని పని కూడా ఉంది, పోషకాహారం చదివే పిల్లలకు అది ముఖ్యం. కానగంతలు, తూర చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పట్టిన చేపను ఐసు లేకుండా ఎండలో వదిలేస్తే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఆ చేప తిన్నవాళ్లకు మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు వస్తాయి. చాలామంది దీన్ని చేప పడకపోవడం అనుకుంటారు. హిస్టమిన్ ఉడికిస్తే పోదు, పులుసు పెడితే పోదు, వేపుడు చేసినా పోదు. పడవ మీద ఐసు పెట్టె ఉందా లేదా అన్నదే తేడా. రొయ్య తింటే నిజంగా పడనివాళ్లు వేరే. వాళ్ల శరీరం ట్రోపోమయోసిన్ అనే రొయ్య కండ ప్రోటీన్‌ను శత్రువుగా చూస్తుంది. అది వేడికి లొంగని ప్రోటీన్, కాబట్టి ఎంత ఉడికించినా వాళ్లకు ప్రమాదమే. ఒకటి నిల్వలో జరిగిన లోపం, రెండోది మనిషి ఒంటి తీరు. మైపాడులోనో జువ్వలదిన్నెలోనో ఒక తల్లి వచ్చి 'పిల్లకి చేప పడడం లేదు' అని చెబితే, ఈ రెంటి మధ్య తేడా తెలియని పోషకాహార నిపుణురాలు ఆ పిల్లకు జీవితాంతం చేప మాన్పించేస్తుంది. ఆ పిల్లకు చవగ్గా దొరికే మంచి ప్రోటీన్, బి12, డీహెచ్ఏ అన్నీ ఒక్క సలహాతో పోతాయి.

డీహెచ్ఏ గురించి ఒక్క మాట. మెదడుకూ కంటికీ కావలసిన ఈ కొవ్వు ఆమ్లాన్ని అవిసె గింజల్లాంటి వాటి నుంచి శరీరం తయారుచేసుకోగలదు గానీ, ఆ మార్పిడి చాలా తక్కువ. కవళ్లు, నెత్తళ్లు, కానగంతల్లో అది సిద్ధంగా ఉంటుంది. పైగా నెత్తళ్లను ముళ్లతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా దక్కుతుంది. మార్కెట్లో వంజరం, చందువలకున్న గౌరవం వీటికి లేదు. పోషణ లెక్కలో ఆ గౌరవం తారుమారు కావాలి.

బియ్యం చెప్పే చరిత్ర

ఇవాళ హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకకు మూలం మన కోస్తా అన్నమే. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరులో ఒకే గదిలో మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల పేరు బెరిబెరి విచారణ విభాగం. అప్పటి మద్రాసు రాజధానిలో బెరిబెరి బాగా కనిపించిన చోటు సర్కారు జిల్లాల తీరం. అక్కడివాళ్లు మరపట్టిన పచ్చి బియ్యం తినేవారు. అదే రాజధానిలో దక్షిణాన ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఈ రోగం అరుదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్ అనే విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. తరవాత మరపట్టినా అది కొంత మిగులుతుంది. పచ్చి బియ్యంలో తవుడుతో పాటే అదీ పోతుంది. ఆ లోపమే బెరిబెరి.

ఇంతవరకు చరిత్ర పుస్తకం చెబుతుంది. థయమిన్ లేకపోతే కాళ్లు ఎందుకు తిమ్మిరెక్కాలి, గుండె ఎందుకు ఉబ్బాలి? జవాబు కోసం క్లాసుకు వెళ్లాలి. అన్నంలోని గ్లూకోజు విరిగి పైరువేట్ అవుతుంది. పైరువేట్ ముందుకు సాగి క్రెబ్స్ చక్రంలోకి అడుగుపెట్టాలంటే ఒక ఎంజైము ద్వారం తీయాలి. ఆ ఎంజైముకు థయమిన్ నుంచి తయారైన సహ ఎంజైము ఉంటేనే పని జరుగుతుంది. లేకపోతే పైరువేట్, లాక్టేట్ పేరుకుపోతాయి. ఎప్పుడూ ఆగకుండా శక్తి కావలసిన నరాలూ గుండే మొదట దెబ్బతింటాయి. అందుకే కంచం నిండా అన్నం తిన్న మనిషి కూడా శక్తి లేక పడిపోతాడు. ఎంత ఎక్కువ అన్నం తింటే అంత ఎక్కువ థయమిన్ కావాలి కూడా. ఈ ఒక్క రోగం చాలు, కార్బోహైడ్రేట్ల పాఠాన్నీ విటమిన్ల పాఠాన్నీ కలిపి చెప్పడానికి. మన సిలబస్‌లో అవి రెండు వేర్వేరు యూనిట్లు. చాలామంది పిల్లల తలలో కూడా విడివిడిగానే ఉండిపోతాయి.

చేపకూ దీనికీ సంబంధం ఉంది. కొన్ని చేపల్లో, ఆల్చిప్పల్లో థయమిన్‌ను విరిచేసే థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. పచ్చిగా తినే దేశాల్లో అది సమస్య. మన పులుసు మరిగేసరికి ఆ ఎంజైము కూడా రొయ్య రంగు ప్రోటీన్ లాగే మడతలు చెదిరి పనికిరాకుండా పోతుంది.

1937లో మూడు విషయాలు జరిగాయి. ఇంగ్లండ్‌లో హాన్స్ క్రెబ్స్ తన చక్రాన్ని ప్రకటించాడు. ఆ వ్యాసాన్ని మొదట 'నేచర్' పత్రిక వెనక్కి పంపింది, మరో చిన్న పత్రిక వేసుకుంది. అదే ఏడాది కూనూరు ప్రయోగశాల నుంచి డబ్ల్యూ.ఆర్. ఐక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికను మొదటిసారి అచ్చువేశాడు. మన దగ్గర డైట్ చార్టు రాసే ప్రతివాళ్లూ ఇప్పటికీ తిరగేసే పట్టికలకు అదే ముత్తాత. దాని తాజా రూపం 2017లో హైదరాబాద్ సంస్థ వెలువరించిన 528 ఆహారాల పట్టిక. మూడో సంగతి నెల్లూరుది. దానికి కాస్త వివరంగా చోటివ్వాలి.

నెల్లూరు పేరుతో అచ్చయిన రోగం

ఆ ఏడాదే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. విషయం: దక్షిణ భారతంలోని నెల్లూరు జిల్లాలో స్థానికంగా పాతుకుపోయిన ఫ్లోరోసిస్. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. తరవాత అవి ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. మనుషుల్లో ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ గురించి ఈ దేశంలో వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికల్లో ఇదొకటి. నడివయసుకే వెన్ను బిగుసుకుపోయి, తల తిప్పలేక, నేల మీద కూర్చోలేక బతికిన మనుషుల కథ అది. ఇంగ్లీషు వైద్య పుస్తకాల్లో నెల్లూరు పేరు శాశ్వతంగా నిలిచింది బియ్యం వల్లో చేప వల్లో కాదు, ఈ బాధ వల్ల.

ఎముకలోని ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే అది ఆ ఖనిజంలోని హైడ్రాక్సిల్ స్థానంలో కూర్చుంటుంది. ఎముక బరువెక్కుతుంది, పెళుసవుతుంది. స్నాయువుల్లో కూడా సున్నం పేరుకుంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదు. మరో నీటి దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు ఒప్పుకుంటారు.

ఫ్లోరైడ్ మరోచోట మనకు మేలు చేస్తుంది. నెల్లూరులో ఏ ల్యాబ్‌కు వెళ్లి షుగర్ పరీక్ష చేయించుకున్నా, రక్తం తీసి బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో పోస్తారు. దాని అడుగున సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. బయటికి తీసిన రక్తంలో కూడా కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, ఆలస్యమైతే రిపోర్టులో షుగర్ తక్కువగా వస్తుంది. ఫ్లోరైడ్ గ్లూకోజు విరిగే దారిలో ఎనొలేజ్ అనే ఎంజైమును అడ్డుకుని ఆ తిండి ఆపేస్తుంది. గ్లైకాలిసిస్ అనే ఆ దారిలోని పది మెట్లలో తొమ్మిదో మెట్టు అది. ఆ మెట్టు పేరు ఎందుకు గుర్తుపెట్టుకోవాలని అడిగే పిల్లకు ఆ బూడిద మూత చూపించాలి. ఆ రోజుతో బట్టీ అక్కర్లేదు.

పులుసు ఇక్కడ మళ్లీ కలుస్తుంది. 2002లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడి పిల్లలకు రోజూ పది గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. దీన్ని పట్టుకుని 'చింతపండు ఫ్లోరోసిస్‌కు మందు' అని వాట్సాప్‌లో తిప్పడం సులువు. అది మందు కాదు. బిగిసిన వెన్ను చింతపండుతో తిరిగి వంగదు, మంచినీళ్ల పథకం చేయాల్సిన పని పులుసు చేయలేదు. ఆ ప్రయోగం చెప్పింది ఒక చిన్న నిజం. చిన్న నిజాన్ని చిన్నదిగానే చెప్పగలగడం పోషకాహారం చదివినవాళ్లకు ఉండాల్సిన మొదటి నిజాయితీ.

ల్యాబ్ రికార్డులో తెలుగు పేరు

పోషణ డిగ్రీ పిల్లల ప్రాక్టికల్స్ చూస్తే మోలిష్ పరీక్ష, బెనెడిక్ట్ పరీక్ష, బైయూరెట్, నిన్‌హైడ్రిన్, ఓసజోన్ స్ఫటికాలు వరసగా ఉంటాయి. మాల్టోజు స్ఫటికాలు సూక్ష్మదర్శినిలో పొద్దుతిరుగుడు పువ్వుల్లా కనిపించినప్పుడు ఏ పిల్ల మొహమైనా వెలుగుతుంది. ఆ వరసలోనే ఎక్కడో ఫాస్ఫరస్ కొలిచే ప్రయోగం వస్తుంది. మాలిబ్డేట్ కలపాలి, క్షయకరణి కలపాలి, నీలం రంగు వస్తుంది, కలరీమీటర్‌లో చదవాలి. రికార్డులో శీర్షిక: ఫిస్కే-సుబ్బారో పద్ధతి. వందేళ్లుగా ప్రపంచంలో లెక్కలేనన్ని ల్యాబుల్లో రాసిన పేరది. ఆ సుబ్బారో ఎవరో చాలామంది విద్యార్థులు అడగరు, చాలామంది అధ్యాపకులు చెప్పరు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదివారు. ఆయన యవ్వనంలో అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ రోగంతో చనిపోయారు. స్ప్రూ అంటే పేగు ఆహారాన్ని పీల్చుకోలేకపోవడం: విరేచనాలు, నాలుక పుండ్లు, తీవ్రమైన రక్తహీనత. అదే రోగం ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పి, 1920ల తొలినాళ్లలో హార్వర్డ్‌కు ఓడెక్కారు. మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు.

సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రచురించింది 1925లో. కొలత చేతికొచ్చాక కండలో ఫాస్ఫరస్ ఎక్కడుందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో, కణం శక్తిని మోసే ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని వెలికితీశాడు. పోషణ డిగ్రీలో ప్రతి చక్రం, ప్రతి మార్గం చివర 'ఎన్ని ఏటీపీలు' అని అడుగుతారు. ఆ ప్రశ్నలోనే మన భీమవరం మనిషి ఉన్నారు.

నాకు ఇంకా పెద్దదిగా తోచేది ఆయన తరవాతి పని. 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒకరకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని చూపింది. ఆ సారంలో ఉన్నదేమిటో తెలియదు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు వెళ్లిన సుబ్బారావు నాయకత్వంలో ఒక బృందం ఆ పదార్థాన్ని పట్టుకుని, దాని నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. దానితో నయమైన రోగాల్లో స్ప్రూ రక్తహీనత ఒకటి. తన సోదరుల్ని తీసుకుపోయిన రోగానికి మందు ఆయన ల్యాబులోనే తయారైంది, వాళ్లు పోయిన పాతికేళ్ల తరవాత. ఆ ఫోలిక్ ఆమ్లానికే కొద్ది మార్పు చేసి కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్ తయారుచేశారు. సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఆ ఫలితాలు ప్రచురించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53.

ఫోలేట్ చేసేది చూడటానికి చాలా చిన్న పని. ఒక కర్బన పరమాణువును ఒక చోటి నుంచి తీసుకుని ఇంకో చోట అతికిస్తుంది. అది ఆగితే డీఎన్ఏ తయారీ ఆగుతుంది, రక్తకణం పెరుగుతుందే గానీ విభజన చెందదు. గర్భంలో శిశువు వెన్నుపాము మూసుకోవడమూ దీని మీదే ఆధారపడింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మంది రక్తహీనులు. అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం. గర్భిణికి రోజూ ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. బడిలో ఆడపిల్లలకు వారం వారం ఇచ్చే నీలం మాత్రలోనూ అది ఉంటుంది. తీరంలోని ఏ అంగన్‌వాడీకి వెళ్లినా సుబ్బారావు ఆ డబ్బాల్లో ఉన్నారు.

తేలే బియ్యం

రేషన్ బియ్యంలో ఫోలిక్ ఆమ్లం, ఇనుము, బి12 కలిపి ఇస్తామని కేంద్రం 2021 ఆగస్టు 15న ప్రకటించింది. బియ్యప్పిండిలో పోషకాలు కలిపి, మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో తీసి, వంద మామూలు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. ఆ బియ్యం ఇళ్లకు చేరగానే ఊరూరా ఒకటే మాట: "ఏందమ్మా ఇయ్యి, నీళ్లలో ఏస్తే తేల్తుండాయి, ప్లాస్టిక్ కలిపారంట గదా?" ఆ గింజలు కొన్ని నిజంగానే తేలుతాయి, రంగులో కాస్త తేడాగా ఉంటాయి. జనం ఏరి పారేశారు. పారేసినవే మందున్న గింజలు.

ఆ భయాన్ని తిట్టి పోగొట్టలేం. పోగొట్టే సాధనం డిగ్రీ మొదటి నెల ప్రాక్టికల్‌లో ఉంది. పిండిపదార్థం మీద అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం వస్తుంది, ప్లాస్టిక్ మీద వేస్తే రాదు. తేలిన గింజను తీసి, నలిపి, ఆ తల్లి కళ్లముందే ఒక చుక్క వేసి చూపిస్తే ఏ ప్రసంగమూ అక్కర్లేదు. మా జిల్లా పోషణ విద్యార్థినులు ఊళ్లలో చేయగలిగిన పని ఇంతకంటే సూటిగా ఉండదు. చుక్క మందు ఖరీదు కూడా దాదాపు లేనట్టే.

ఉప్పు కథ ఇలాంటిదే. ఇసకపల్లి కొటారుల దగ్గర కల్లుప్పు చూసినవాళ్లకు సముద్రంలోంచి వచ్చిన ఉప్పులో అయోడిన్ ఉండకపోవడమేమిటి అనిపిస్తుంది. సముద్రపు నీటిలోనే అది చాలా స్వల్పం, ఉప్పుగా ఎండేసరికి మిగిలేది దాదాపు శూన్యం. సముద్రపు చేపలో ఉంటుంది, ఉప్పులో ఉండదు. కాబట్టి కలపాల్సిందే. ఉప్పులో అయోడిన్ కలిపితే గలగండం తగ్గుతుందని హిమాలయాల పాదాన కాంగ్రా లోయలో నిరూపించిన బృందానికి నాయకుడు శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. 1956లో మొదలైన ఆ పని మీదే మన దేశ అయోడిన్ ఉప్పు విధానం నిలబడింది. మన వంటింటికి చేరేసరికి ఉప్పులో పదిలక్షల వంతుల్లో కనీసం 15 వంతుల అయోడిన్ ఉండాలని నిబంధన.

ఎలా చెబుతున్నాం, ఎలా చెప్పాలి

పోషణ డిగ్రీకి వచ్చే మన పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలు. చాలామంది ఇంటర్ వరకు తెలుగులో ఆలోచించి ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకంలో పడతారు. కెమిస్ట్రీ పునాది బలహీనంగా ఉన్నవాళ్లకు బయోకెమిస్ట్రీ మొదటి వారంలోనే కొండలా కనిపిస్తుంది. గైడు కొనుక్కుంటారు, చక్రాలు బట్టీపడతారు, వైవాలో తలొంచుకుంటారు. ఈ తప్పు పిల్లలది కాదు. సబ్జెక్టును పదార్థాల పేర్లుగా చెప్పి, పనిగా చెప్పకపోవడం వల్ల వచ్చింది. బెరిబెరితో మొదలుపెట్టి పైరువేట్ దగ్గరికి, బూడిద మూత గొట్టంతో మొదలుపెట్టి గ్లైకాలిసిస్ దగ్గరికి, ఎర్ర మాత్రతో మొదలుపెట్టి ఫోలేట్ దగ్గరికి వెళితే ఆ కొండ సగం కరుగుతుంది. ఇలా చెబితే సిలబస్ ఒక్క వాక్యం కూడా మారదు.

ఈ సబ్జెక్టును పక్కనపెట్టి పోషణ నేర్చుకోవచ్చు, కెలోరీలు కూడితే చాలు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. బయోకెమిస్ట్రీ తెలియని పోషకాహార నిపుణురాలి చేతిలో మిగిలేది ఒక పట్టిక, ఒక యూట్యూబ్ వీడియో. గంజి వార్చొద్దనీ, మునగాకు కూరలో కాస్త నూనె పడాలనీ ఆమె చెప్పగలదు. ఎందుకని ఒక ముసలమ్మ అడిగితే చెప్పలేదు. గంజితో నీళ్లలో కరిగే బి విటమిన్లు పోతాయి. మునగాకులోని కెరోటిన్ కొవ్వులో కరిగితేనే పేగు గోడలోకి చేరుతుంది, చేరాకే అది విటమిన్ ఏ అవుతుంది. 'ఎందుకు'కు జవాబు దొరికిన సలహానే ఇంట్లో అమలవుతుంది, మిగతాది విని వదిలేస్తారు.

చట్టం కూడా ఇప్పుడు ఈ చదువును తేలిగ్గా తీసుకోవడం లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం డైటీషియన్లను, పోషకాహార నిపుణులను ఆరోగ్య వృత్తిదారులుగా గుర్తించింది. 2025 నుంచి ఆహార పోషణ కోర్సుల్ని దూరవిద్యలో కొత్తగా చేర్చుకోవద్దని యూజీసీ ఆదేశించింది. గాజు గొట్టం పట్టుకోకుండా ఈ డిగ్రీ రాదని అర్థం. పై చదువుకు తిరుపతిలో ఎస్వీ విశ్వవిద్యాలయం, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థే అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ నడుపుతోంది.

నెల్లూరు జిల్లా కాలేజీల్లో పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. ఈ ఏడాది ల్యాబ్ రికార్డులో నాలుగు ప్రయోగాలు మన తీరానివి పెట్టండి: రేషన్ బియ్యపు గింజ మీద అయోడిన్ పరీక్ష, పచ్చి రొయ్యను వేడి చేసి రంగు మార్పు, కల్లుప్పులోనూ ప్యాకెట్ ఉప్పులోనూ అయోడిన్ కొలత, ఊరి బోరు నీటిలో ఫ్లోరైడ్ కొలత. ఫలితాలను ఆ ఊళ్లకే తిరిగి చెప్పించండి. ఫాస్ఫరస్ ప్రయోగం రోజున సుబ్బారావు గురించి పావుగంట మాట్లాడండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట: అమ్మాయిని ఈ డిగ్రీలో చేర్చే ముందు ఫీజు, బస్సు సంగతులు అడుగుతారు గదా, బయోకెమిస్ట్రీ ల్యాబ్ తలుపు కూడా తీయించి లోపల ఏమున్నాయో చూసి చేర్చండి.